ఉత్త గిన్నె

ఈ మధ్య మా ఆవిడ కరుణ అటక దులిపింది. దులిపింది అని ఒక్క ముక్కలో అంటున్నాను గానీ, ఆ పొద్దు ప్రొద్దుటూరు మీద లేచిన దుమ్ముకు మైదుకూరు రోడ్డులో బస్సులు పట్టపగలు లైట్లు వేసుకుని నడిచాయని నా గట్టి నమ్మకం. అటక మీది నుంచి మా పూర్వీకుల చరిత్ర మొత్తం కిందికి దిగింది. గాలి పోయిన కిరసనాయిలు స్టవ్వు, పిడి లేని గొడ్డలి, గొడ్డలి లేని పిడి, ఎవరి కాలికీ పట్టని ఒంటి బూటు. చివర్లో ఒక స్టీలు గిన్నె దొర్లుకుంటూ వచ్చి నా నెత్తి మీద పడింది. దాని మోత మసీదు వీధి దాకా వినిపించి ఉంటుంది. గిన్నె మీద సొట్ట నా తల వల్ల వచ్చింది కాదు, పాతదే. పక్కన చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించి ఉంది: కె. ఎస్తేరమ్మ, జమ్మలమడుగు. పేర్లు కొట్టేవాడికి తొందరెక్కువై చివరి ఒత్తు మింగేశాడు గనుక, ఉన్నది ఉన్నట్టు చదివితే అది 'ఎస్తేరమ'.

కరుణ దాన్ని వెలుతురులోకి పట్టుకుని చూసింది. "ఇది యాడిది? మనది కాదే!"

"మనది కాదు. మనింట్లో ఉంటాది, అంతే."

"ఒకరి గిన్నె ఇన్నేండ్లు పెట్టుకోని కూర్చున్యారా? సిగ్గు ల్యా మీకు?"

సిగ్గు గురించి నాకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. నేను సిగ్గులో పుట్టకపోయినా సిగ్గులో పెరిగినవాణ్ణి. అయితే ఆ గిన్నె నెత్తిన పడిన క్షణంలో నాకు కలిగిన సిగ్గు పాతది కాదు, తాజాది. ఎందుకంటే ఎస్తేరమ్మ పెద్దమ్మ భర్త దానియేలు పెద్దనాయన పోయి అప్పటికి నెల దాటింది. ఆ కబురు నాకు చర్చి సంఘం వాళ్ళ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. చూసిన వెంటనే చేతులు జోడించిన బొమ్మ పెట్టాను. దాని పక్కన ఏడ్చే బొమ్మ పెట్టబోతే, నా లావు బొటనవేలు జారి నవ్వు ఆపుకోలేక కళ్ళనీళ్ళు పెట్టుకునే బొమ్మ పడింది. నేను ఎప్పుడూ ఎగతాళి మాటలు రాసేవాణ్ణని అందరికీ తెలుసు గనుక, చావు దగ్గర కూడా వీనికి పరాచికమేనా అని గ్రూపులో అందరూ అనుకుని ఉంటారు. దాన్ని తీసేశాను. తీసేసినట్టు కూడా అందులో కనబడుతుందట, అది నాకు తర్వాత తెలిసింది. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు, బస్సెక్కి ఒక కునుకు తీసి లేస్తే వచ్చేంత దూరం. నేను పోలేదు.

వాళ్ళు మాకు రక్తసంబంధం కాదు. ఒకే గుడి, ఒకే వీధి. జమ్మలమడుగులో మా చర్చి వీధి ఎంత ఇరుకంటే, ఒక ఇంట్లో ఆవులిస్తే ఎదురింట్లో చిటికె వేసేవాళ్ళు. మా నాయన యాకోబు వంటమనిషి. పెండ్లిళ్ళ వంట. ముద్దనూరు నుంచి పులివెందుల దాకా ఎవరింట్లో పందిరి లేచినా మొదటి కబురు పెండ్లికొడుక్కు పోయేదో లేదో గానీ మా నాయనకు వచ్చేది. ఆయన తాలింపు పెడితే పెన్నకు అవతలి ఒడ్డున తుమ్మేవాళ్ళు. ఇంటికి వచ్చినప్పుడు ఆయన దగ్గర కాగిన నూనె, కట్టెల పొగ, వేయించిన ధనియాలు కలిసిన ఒక వాసన ఉండేది. నేనూ చెల్లెలూ ఆయన భుజం మీది తువ్వాలు లాక్కుని వాసన చూసి అది రెడ్లింటి పెండ్లో సాయిబులింటి పెండ్లో చెప్పేసేవాళ్ళం. అంత గొప్ప వంటవానికి భార్య కావడం మా అమ్మకు జీవితమంతా పరీక్షే. ఆమె చారు పెడితే ఆయన ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాకి, కళ్ళు మూసుకుని, శవాన్ని కోసి చూసిన డాక్టరు మాదిరి, "మిరియాలు ఆలస్యంగా పడినాయి" అనేవాడు.

ఇక దానియేలు పెద్దనాయన. ఆయన ఎర్రబస్సు కండక్టరు, మా సంఘపెద్ద. ఈ రెండు ఉద్యోగాలకూ ఆయనకు ఒకే గొంతు. ఆ గొంతుతో 'రైట్' అంటే బస్సే కాదు, రోడ్డు పక్కన మేస్తున్న ఎనుములు కూడా కదిలేవి. గుడిలో వెనక నిలబడ్డవాళ్ళను "ముందుకు జరగండి, ముందుకు జరగండి, మధ్యలో శానా జాగా ఉండాది" అని తోసేవాడు. మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉండేది. ఎవరింట్లో కష్టమొచ్చినా ఆదివారం ఆరాధన ముగిశాక కొందరు కలిసి ఆ ఇంటికి పోయేవాళ్ళు. ఒకరినొకరు ఆదరించుకోవాలి, ఒకరినొకరు హెచ్చరించుకోవాలి అని మా పాస్టరు అయ్యగారు తరచూ వాక్యం చెప్పేవారు. దాంట్లో రెండో మాట దానియేలు పెద్దనాయనను పట్టుకుంది. బతుకంతా ఫుట్‌బోర్డు మీద నిలబడొద్దు, చేతులు బయట పెట్టొద్దు అని అరిచిన మనిషికి హెచ్చరిక అంటే హెచ్చరికే. అయ్యగారు ఎన్నోసార్లు చెప్పి చూశారు. "దానియేలూ, అది పాత తెలుగు. హెచ్చరించడమంటే అక్కడ ధైర్యం చెప్పడం, మనిషిని లేపి నిలబెట్టడం. బెదిరించడం కాదు." పెద్దనాయన శ్రద్ధగా విని తలూపేవాడు. "అట్లనే అయ్యగారూ. ఆదరించేది ఆడోళ్ళు చూసుకుంటారు. హెచ్చరిక నేను చూసుకుంటా." ఇక ఎవరింట్లో మనిషి పోయినా, పంట పోయినా, ఎస్తేరమ్మ పెద్దమ్మ గిన్నెలో కూడు తెచ్చేది. ఆమె వెనక ఈయన హెచ్చరిక తెచ్చేవాడు.

ఒక క్రిస్మస్ పండగకు ప్రేమవిందు వంట మా నాయన చేతికి వచ్చింది. ఊరికే చేస్తానన్నాడు. ఆయన ఆ కూరను వండలేదు, కన్నాడు. పొద్దుగూకినాక మొదలుపెట్టి కోడి కూసేదాకా పొయ్యి దగ్గర్నుంచి లేవలేదు. మధ్యాహ్నం అందరూ విస్తర్ల ముందు కూర్చున్నారు. అయ్యగారు ప్రార్థన ముగించి మైకు కింద పెట్టారు, ఆపడం మరిచారు. దానియేలు పెద్దనాయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, పక్కనున్న మా నాయనతో రహస్యంగా, అంటే కండక్టరు రహస్యంగా, "ఉప్పు రవ్వంత ముందుకు జరిగింది యాకోబూ" అన్నాడు. గుడి మీది మైకు బూర బజారు వైపుకు తిరిగి ఉండేది. ఆ మాట కూరగాయల మార్కెట్టు మీదుగా, బస్టాండు మీదుగా పోయి గండికోట గోడకు తగిలి తిరిగి వచ్చింది. బజారులో ఎవరో నవ్విన చప్పుడు కూడా మాకు వినబడింది.

మా నాయన గరిటె డేగిసాలో నిలబెట్టి తువ్వాలు దులిపాడు. "ఇంక నా చేతి మెతుకు ఈ సంఘానికి ల్యా. మీ చేతి మెతుకు నా గడప తొక్కదు. రాసి పెట్టుకోండి" అని బయటికి నడిచాడు. అమ్మ సగం తిన్న విస్తరి ముందు నుంచి లేచింది. చెల్లెలు ఎముక చేతిలో పట్టుకునే లేచింది. నేను మాత్రం ఇంకో ముద్ద తిని లేచాను. ఉప్పు నిజంగానే ఎక్కువైంది. ఆ నిజం నేను ఇంట్లో ఎన్నడూ చెప్పలేదు. ఆ తర్వాత ఆదివారాలు ఆరాధన వేళకు ఆయన పంచలో కూర్చుని కత్తులు నూరేవాడు. గుడికీ మా పంచకూ మధ్య ఒక్క గోడ. అయ్యగారు నోరు తెరిచినప్పుడల్లా మా ఇంట్లో నుంచి కర్రు కర్రున జవాబు పోయేది.

పులివెందులలో ఒక పెద్ద పెండ్లి. డేగిసాలో అన్నం గంజి వంచుతుండగా పట్టుగుడ్డ జారింది. మరుగుతున్న గంజి మా నాయన కాళ్ళ మీద, మోకాళ్ళ నుంచి వేళ్ళ దాకా పడింది. ఇక్కడ నేను పెంచి చెప్పడానికి ఏమీ లేదు. ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఉంచి, పొడవాటి కట్లు కట్టి, జీపులో తెచ్చి నులక మంచం మీద పడుకోబెట్టారు. దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయేవాడు. అమ్మ చేసే పని కూడా ఆయన వెంట పోయి కూరగాయలు తరగడమే గనుక ఇద్దరి పనీ ఒక్కసారే పోయింది. ఊళ్ళో పెండ్లిళ్ళన్నిటికీ పొయ్యి ముట్టించిన మనిషి ఇంట్లో పొయ్యి ఆరిపోయింది. అమ్మ ఉన్న రాగిపిండిని పలచగా, ఇంకా పలచగా కాచింది. చివరికి అది గంజి కాదు, గంజిని తలుచుకున్న నీళ్ళు.

ఆ ఆదివారం అయ్యగారు మా నాయన కాళ్ళ కోసం ప్రార్థన చేశారు, మైకులో. ఏ కాలు ఎంత కాలింది, పుండు ఎట్లా ఉంది, ఇంట్లో ఏమీ లేదు, అంతా దేవునికి వివరంగా విన్నవించారు. దేవునికి ఎంత వినబడిందో గానీ బజారుకు మొత్తం వినబడింది. మరుసటి రోజు బడిలో నా పక్కన కూర్చునే ఖాదరు, "ఏంరా సామేలూ, మీ నాయన కాళ్ళు మైకులో వచ్చినాయంట!" అన్నాడు. వాడు జాలిగానే అన్నాడు. నాకు మాత్రం బడి గోడలు నాలుగూ కలిసి నా మీద పడితే బాగుండు అనిపించింది.

ఎస్తేరమ్మ పెద్దమ్మ కొంగు కింద గిన్నె పెట్టుకుని మా గడప దగ్గరికి వచ్చి ఆగింది. ఆమె పొట్టి మనిషి, ఎప్పుడూ ఎక్కడికో ఆలస్యమైనట్టు నడిచేది, ఎప్పుడూ సమయానికే వచ్చేది. గిన్నెలో నుంచి వేడి సంగటి, పప్పు వాసన వచ్చింది. చెనిక్కాయల ఊరుబిండి కూడా ఉందని చెల్లెలు మూత తీయకుండానే చెప్పేసింది. మా అమ్మ లోపలి మంచం వైపూ గిన్నె వైపూ చూసింది. మా నాయన మొగం గోడకు తిప్పుకున్నాడు.

"వద్దు ఒదినా. ఆయన ఏమన్న్యాడో నీకూ తెలుసు గదా" అంది అమ్మ, నేల చూపులు చూస్తూ.

"నేను ఆయప్పకు తెచ్చినానా? పిల్లోళ్ళకు తెచ్చినా."

"పిల్లోళ్ళు కూడా తినరు" అన్నాడు మా నాయన గోడతో. మేం పిల్లోళ్ళం ఆ మాటకు అంతగా ఒప్పుకోలేదు గానీ మమ్మల్ని ఎవరూ అడగలేదు.

అప్పుడు దానియేలు పెద్దనాయన వచ్చాడు. డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు, భుజాన తోలు సంచి అట్లనే ఉంది. మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. "యాకోబూ, నిన్ను ఆదరించనీకి రాల్యా నేను. హెచ్చరించనీకి వచ్చినా."

"ఏందన్నా హెచ్చరించేది? గంజి వేడిగా ఉంటాదనా? తెలిసిందిలే."

"రోషం కడుపుకు కట్టుకోగాకు. అది అరగదు. నువ్వు తింటే గాని ఆ పిల్లోళ్ళు తినరు, వాళ్ళు తింటే గాని వాళ్ళమ్మ తినదు. నువ్వొక్కనివి ఫుట్‌బోర్డు మీద నిలబడి బండి మొత్తం ఆపినావు. తినకపోతే, ఇదో చెప్తాండా, రేపూ వస్తా, ఎల్లుండీ వస్తా. వచ్చి ఈడనే కూర్చోని పాట పాడతా."

దానియేలు పెద్దనాయన పాట గురించి ఒక మాట. ఆయన గుడిలో పాట ఎత్తుకున్నప్పుడు గబ్బిలాలు పగలే బయటికి వచ్చేసేవి. చంటిపిల్లలు ఏడుపు ఆపేవాళ్ళు, ఆ చప్పుడు ముందు తమ చప్పుడు నిలవదని. ఆయన గొంతు సవరించుకున్నాడు. మా నాయన గభాలున తిరిగాడు.

"వద్దు. పెట్టు ఆ గిన్నె."

పెద్దమ్మ ముద్ద చేసి చేతికిచ్చింది. మా నాయన పప్పు అద్దుకుని నోట్లో పెట్టుకుని అలవాటు కొద్దీ కళ్ళు మూసుకున్నాడు. "ఉప్పు తక్కువ" అన్నాడు.

"తక్కువే" అన్నాడు పెద్దనాయన. "నేనే తక్కువ ఏపిచ్చినా. ఆ పొద్దు నేనొక మాట అన్న్యా, ఈ పొద్దు నువ్వొక మాట అన్న్యావు. చెల్లుకు చెల్లు. ఇంక తిను."

మా నాయనకు నవ్వొచ్చింది. నవ్వు సగం దాకా బాగానే వచ్చింది, తర్వాత అది నవ్వు కాకుండా పోయింది. మీసం మీద పప్పు, దాని మీద కన్నీళ్ళు. మేమందరం ఎవరికి దొరికిన గోడను వాళ్ళం చూశాం. పెద్దమ్మ మాత్రం ఏమీ కానట్టు ఇంకో ముద్ద చేసింది.

ఆ తర్వాత మా ఇంటికి గిన్నెలు రావడం మొదలైంది. ఒకపొద్దు అయ్యగారింటి నుంచి, ఒకపొద్దు టీచరమ్మ ఇంటి నుంచి, ఒకపొద్దు రాళ్ళ ఫ్యాక్టరీలో కూలికి పోయే సారమ్మ ఇంటి నుంచి. సారమ్మ ఇంట్లో వాళ్ళకే చాలదని మాకు తెలుసు. సమస్య తినడంలో లేదు, గిన్నెల్లో ఉంది. ఒకరింటి గిన్నె ఉత్తది తిరిగి ఇయ్యగూడదని మా అమ్మ పట్టుదల. కాయో, పండో, కనీసం గుప్పెడు చక్కెరో పెట్టి ఇయ్యాలి. పెట్టడానికి మా ఇంట్లో ఏమీ లేదు. గిన్నెలు ఉత్తవి ఇయ్యదు, నింపి ఇయ్యలేదు. అందుకని తోమి, తుడిచి, బోర్లించి పెట్టేది. అలమర నిండింది. కిటికీ నిండింది. మంచం కింద నిండింది. మా ఇంటికి వచ్చినన్ని గిన్నెలు జమ్మలమడుగు సంతలో కూడా లేవని నేను ప్రమాణం చేస్తాను. తెల్లారి ఎండ పడితే ఆ మెరుపుకు మా చెల్లెలు కళ్ళు మూసుకుని తల దువ్వుకునేది. వాటి మీద వీధిలో అందరి పేర్లూ ఉండేవి. మాది ఒక్కటే లేదు.

ఒకసారి ఖాదరు లెక్కల పుస్తకం కోసం వచ్చి గుమ్మంలోనే నోరు తెరిచాడు. "ఏందిరా ఇన్ని గిన్నెలు? అంగడి పెట్టినారా?"

నా నోట్లో నుంచి మాట దానంతటదే వచ్చింది. "హోటలు పెడతాండాం. మా నాయన కాళ్ళు బాగైతానే తెరుస్తాం. కడప నుంచి కూడా వస్తారు తిననీకి. పెద్ద బోర్డు రాపిస్తాండాం, బస్టాండు నుంచి కనపడేటట్ల." చెబుతున్న కొద్దీ హోటలుకు మిద్దె లేచింది, మిద్దె మీద ఫ్యాన్లు తిరిగాయి. ఉన్నదాన్ని ఊదరగొట్టి చెప్పే ఈ విద్యను ఇప్పుడు పత్రికల వాళ్ళు నా సొమ్మని మెచ్చుకుంటారు. అది నాకు సరదాతో అబ్బింది కాదు. సిగ్గు కప్పుకోవడానికి ఆ పొద్దు చేతికి దొరికిన దుప్పటి అది. ఇప్పటికీ కప్పుకునే తిరుగుతున్నాను. ఖాదరు అంతా విన్నాడు. అమ్మ వానికి కూడా టీచరమ్మ గిన్నెలో నుంచి చిత్రాన్నం పెట్టింది. వాడు తిని చేయి కడుక్కుని, "హోటలు బాగుందిరా" అన్నాడు. బడిలో ఎవరికీ ఏమీ చెప్పలేదు.

కానీ గిన్నెల కథ అంతటితో ఆగలేదు. వీధిలో చారు పోసుకోవడానికి గిన్నెలు చాలక కొందరు చెంబుల్లో పోసుకుంటున్నారని గుసగుసలు వచ్చాయి. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక దానియేలు పెద్దనాయన మైకు పట్టుకున్నాడు. "అందరికీ చెప్తాండా. మన గిన్నెలు యాకోబు ఇంట్లో ఉండాయి. ఉండనీండి. ఎవురూ పోయి అడగొద్దు. ఇది హెచ్చరిక." ఆయన మమ్మల్ని కాపాడుదామనే అన్నాడు. బూర ద్వారా ఆ కాపాడటం బజారుకంతా తెలిసింది. మా అమ్మ ఆ పొద్దంతా బోర్లించిన గిన్నెల మధ్య కూర్చుని బయటికి రాలేదు. మా నాయన పైకప్పు చూస్తూ, "నా కాళ్ళు కాలినప్పుడు ఇంత మంట పుట్టలా" అన్నాడు.

ఆయన కర్ర పట్టుకుని నిలబడగలిగిన మొదటి రోజు వీధిలోకి పోలేదు, పొయ్యి దగ్గరికి పోయాడు. సంఘం వాళ్ళు ఇచ్చిన బియ్యమే, ఎవరో తెచ్చిన బెల్లం. స్టూలు మీద కూర్చుని, కాళ్ళు చాపుకుని, బెల్లమన్నం వండాడు. ఉప్పు గొడవ లేని వంట అదొక్కటేనని తర్వాత మాకు అర్థమైంది. గిన్నెలన్నీ వరసగా పెట్టి, ఒక్కొక్కదాంట్లో తన చేత్తో పోసి, పేరు చదివి, నన్నూ చెల్లెల్నీ పంపాడు. వీధి మొత్తం ఆ పొద్దు ఏలకుల వాసన. ఎస్తేరమ్మ పెద్దమ్మ గిన్నె మాత్రం ఆయనే కర్ర ఆనించుకుంటూ తీసుకుపోయాడు. పెద్దమ్మ బెల్లమన్నం పళ్ళెంలోకి వంచుకుంది. పెద్దనాయన ఆ గిన్నెను కడిగించి, దాంట్లో గుప్పెడు ఉప్పు పోసి, మళ్ళీ మా నాయన చేతిలోనే పెట్టాడు.

"ఇదేందన్నా, మీ గిన్నె."

"ఇది నీ ఇంట్లో ఉండనీ. అన్నీ తిరిగిచ్చేస్తే నువ్వు మల్లా రోషం తెచ్చుకుంటావు. మా గిన్నె నీకాడ ఉంటే, అడగనీకి రావల్లంటే నాకొక దోవ ఉంటాది."

ఆ దోవన ఆయన జీవితమంతా వచ్చాడు. మేం ప్రొద్దుటూరుకు మారినాక కూడా. మా నాయన పోయినప్పుడు వచ్చి, ఏడుస్తూ మూల కూర్చున్న నన్ను భుజం పట్టి లేపి, "ఏడ్చింది చాలు. తిను. సాయంత్రం మోయాల్సింది నువ్వే. కడుపులో ఏమీ లేకుండా మీ నాయనను మోస్తావా? ఆయప్ప బరువు నీకు తెల్దు" అని హెచ్చరించాడు. తిన్నాను, మోశాను. అట్లాంటి మనిషి పోతే నేను బొమ్మ పెట్టాను.

ఇప్పుడు మేం పోయే గుడి పెద్దది. చల్లటి గాలి వస్తుంది, మెత్తటి కుర్చీలు, పాటల మాటలు తెర మీద పడతాయి. పక్క కుర్చీ వాళ్ళకు వందనాలు చెప్తాం, పేరు తెలియదు. కరుణకు ఆపరేషన్ అయినప్పుడు మేం ఎవరికీ చెప్పలేదు. చెబితే వస్తారు, గిన్నెలు తెస్తారు, మైకులో పెడతారు అని నాకు భయం. ఫోనులో అన్నం తెప్పించుకుని ప్లాస్టిక్ డబ్బాల్లో తిన్నాం. ఆ డబ్బాలను ఎవరికీ తిరిగి ఇయ్యనక్కర్లేదు. మా మర్యాద ఎక్కడా చెక్కు చెదరలేదు. ఆసుపత్రి కిటికీలో నుంచి చూస్తూ కరుణ ఒకసారి, "ఎవురన్నా వచ్చింటే బాగుండు" అంది. నేను వినబడనట్టు ఫోను చూసుకున్నాను.

"గిన్నెలో ఏం పెట్టి ఇస్తారు?" అని అడిగింది కరుణ, అటక దులిపిన మరుసటి రోజు. నేను వండుతానన్నాను. ఆమె నవ్వలేదు, అది ఆమె గొప్పతనం. నేను పప్పు వండాను. మా నాయన రక్తం నాలో ఉంది గానీ ఆయన చేయి లేదు. మధ్యలో ఫోను మోగింది, ఉప్పు వేశానా లేదా అని అనుమానం వచ్చి మళ్ళీ వేశాను. సంగటి కరుణ కెలికి ఇచ్చింది. గిన్నె ఒళ్ళో పెట్టుకుని జమ్మలమడుగు బస్సెక్కాను.

ఆ ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీలు ఇంకా తీయలేదు. లోపల సంఘం ఆడవాళ్ళు ఇద్దరు కూర్చుని ఉన్నారు. పెద్దమ్మ ఇంకా పొట్టిదైపోయింది, గోడకు ఆనుకుని కూర్చుంటే కొంగు కుప్ప పోసినట్టుంది.

"ఎవురు నాయనా?"

"సామేలును పెద్దమ్మా. యాకోబు కొడుకును."

ఆమె కళ్ళు చిట్లించి చూసింది. "ఓ, హోటలోనివా!"

అంటే ఖాదరు చెప్పకపోయినా నా హోటలు గురించి వీధికంతా తెలుసు. మా అమ్మే చెప్పి ఉంటుంది. ఇన్నేళ్ళూ ఎవరూ నా మొగాన అనలేదు. ఆ ముసలి నోట ఆ మాట వినగానే నేను మళ్ళీ నిక్కరులోకి వచ్చేశాను.

ఆమె కోడలు నన్ను పక్కకు పిలిచి మెల్లిగా చెప్పింది. "రెండు ముద్దలు తిని లేస్తాదన్నా. ఎవురు చెప్పినా అంతే. ఇట్లయితే నిలవదు అంటాండారు డాక్టరు." నేను పోయి పెద్దమ్మ పక్కన కూర్చున్నాను. లోకంలో ప్రతిదాని మీదా మాట విసరగల నేను కూడా అందరిలాగే, "ధైర్యంగా ఉండండి పెద్దమ్మా" అన్నాను. "అట్లనే నాయనా" అంది ఆమె, వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పి అరిగిపోయిన గొంతుతో. పక్కనున్న ఆమె ఆదరణగా చేయి నిమిరింది. పెద్దమ్మ ఆ చేతిని చూసి మెల్లిగా అంది: "వచ్చినోళ్ళంతా ఆదరిస్తాండారు. మంచోళ్ళు. ఆయప్ప ఉన్నెప్పుడు ఒక్క పూట తినకపోతే ఇల్లు లేచిపోయేది. ఇప్పుడు హెచ్చరించేటోడే ల్యాకపాయె."

నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో నాకూ తెలియదు. గొంతు పెద్దది చేశాను. "ఏందమ్మా ఇది? రెండు ముద్దలకు బండి నడుస్తాదా? నువ్వొక్కదానివి ఫుట్‌బోర్డు మీద నిలబడి అందర్నీ ఆపితే ఎట్ల? ముందుకు జరుగు! తినకపోతే, ఇదో చెప్తాండా, రేపూ వస్తా, ఎల్లుండీ వస్తా. వచ్చి ఈడనే కూర్చోని పాట పాడతా!"

సంఘం ఆడవాళ్ళు నన్ను చూసిన చూపుకు గ్రూపులో పడిన ఆ నవ్వు బొమ్మ సంగతి వాళ్ళకు గుర్తొచ్చిందని అర్థమైంది. ఇక వెనక్కి తగ్గే దోవ లేక గొంతు సవరించుకున్నాను. పెద్దమ్మ నా మొగంలోకే చూస్తూ ఉంది. ఆమె పెదవి అదిరింది, తర్వాత భుజాలు అదిరాయి. ఏడుస్తుందనుకున్నాను. నవ్వుతోంది.

"వద్దు నాయనా, వద్దు. పెట్టు ఆ గిన్నె."

నేనే ముద్ద చేసిచ్చాను. వంకరగా వచ్చింది. ఆమె పప్పు అద్దుకుని తిని, కాసేపు నమిలి, మీసాలు లేని ఆ మొగంలో అచ్చం పెద్దనాయన లాగా కనుబొమ్మలు పైకెత్తింది. "ఉప్పు రవ్వంత ముందుకు జరిగింది" అంది. అని, ఇంకో ముద్దకు చేయి చాపింది. ఇంకోదానికీ. కోడలు మంచినీళ్ళు తెచ్చే నెపం మీద వంటింట్లోకి పోయి చాలాసేపటి దాకా రాలేదు. హెచ్చరికకు అయ్యగారు చెప్పిన పాత తెలుగు అర్థం ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. పెద్దనాయన తెలుగు కూడా అదేనని తెలిసింది.

లేచేటప్పుడు పెద్దమ్మ కోడలిని పిలిచి గిన్నె కడిగించి దాని నిండా చెనిక్కాయలు పోయించింది.

"పెద్దమ్మా, గిన్నె మీది. ఇయ్యనీకే తెచ్చినా."

"మాదని పేరు కొట్టిచ్చిండేది నాకూ కనపడ్తాందిలే. ఉత్త గిన్నె యాడన్నా ఇస్తారా? ఎత్తకపో. ఉప్పు తగ్గించి మల్లా తే."

సాయంత్రం బస్సులో ఆ గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పక్క సీటాయన చెనిక్కాయలకేసి రెండుసార్లు చూశాడు, గుప్పెడు తీసిచ్చాను. ఇంటికి చేరేసరికి కరుణ గుమ్మంలోనే నిలబడి ఉంది. నా చేతిలో గిన్నె చూసి నడుము మీద చేతులు పెట్టుకుంది.

"ఇచ్చేసి రమ్మంటే నింపుకోని వచ్చినారా? సిగ్గు ల్యా మీకు?"

"ఉంది" అన్నాను. "శానా ఉంది. ఈసారి పప్పులో ఉప్పు నువ్వెయ్యి. ఇద్దరం పోదాం."